మూడో చరణం ఉండాల్సిన చోట

తూనీగకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. గిటారు మెడ మీద అతని ఎడమచేతి వేళ్ళు ఒకచోట వాలినట్టే వాలి ఇంకోచోట తేలుతుంటాయని కుర్రతనంలో ఎవరో పెట్టిన పేరు, అరవై దాటాక కూడా అదే నిలిచింది. పగలు మోటార్ల షాపులో పని. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ వరుస తప్పకుండా చుట్టాలి. సాయంత్రాలు బస్సు డిపో వెనకున్న బార్లో గిటారు. రెండుచోట్లా తీగలతోనే బతుకు, రెండుచోట్లా అతనంత వేగంగా చెయ్యి ఆడించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఈ మాట ఎవరైనా మరిచిపోతే తనే గుర్తుచేసేవాడు.

బార్లో వాళ్ళు వాయించేది బ్లూస్ రాక్. దాని పద్ధతి తేలికే. పాడేవాడు ఒక వరుస పాడి ఆగుతాడు, ఆ ఆగినచోట గిటారు బదులు చెబుతుంది. అదే వరుస మళ్ళీ పాడతాడు, గిటారు మళ్ళీ బదులు చెబుతుంది. మూడో వరుసలో కడుపులో ఉన్నది బయట పెడతాడు. అంతటితో ఒక చరణం అయిపోతుంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండాలి. తూనీగ వాయిస్తే మాత్రం, మనం ఒకటంటే తను పది అనేవాడితో మాట పెట్టుకున్నట్టు ఉండేది. జనం దానికే ఈలలు వేసేవారు, కాబట్టి తప్పంతా అతని మీదే వేయడానికీ లేదు.

పాడేది అతని బావ, సొంత అక్క మొగుడు. వీధి మలుపులో ఇస్త్రీ షాపు ఆయనది. చొక్కాల మీద పెట్టె నడుపుతూ పాటలు కట్టేవాడు. కాగితం మీద పెట్టే అలవాటు లేదు, గుర్తుండని పాట ఉన్నా దండగే అనేవాడు. గొంతు బొంగురు. గిటారు ఇస్తే మూడుచోట్ల తప్ప వేళ్ళు పెట్టడం రాదు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి, ఉన్న మాటలన్నీ పాటల కోసం దాచుకున్నట్టుండేవాడు. బావ పాటలు బట్టలారేసుకునే తాడు లాంటివని తూనీగ నమ్మకం. తన పనితనం ఆరేసుకోవడానికి ఏదో ఒక తాడు కావాలి కదా, అందుకు. ఈ మాట బావ మొహం మీదే అన్నాడు. బావ నవ్వి, "తాడు గట్టిదైతేనే కదరా బట్ట నేలపడకుండా ఉండేది," అని ఊరుకున్నాడు.

ఆయన కట్టినవాటిలో జనం నోట నిలిచింది ఒక్కటే. వానలో తడుస్తూ తన ఇంటి తలుపు ముందు నిలబడ్డ మగవాడి పాట.

వానలో నిలుచున్నా, లోపల దీపముంది,
వానలో నిలుచున్నానే, లోపల దీపముంది,
దీపం పెట్టిన చేతికి గడియ తీసే తీరిక లేదంది.

రెండో చరణంలో అతను పేరుపెట్టి పిలుస్తాడు. గోడలు పలుకుతాయి గానీ ఇంటిది పలకదు. గోడకున్నపాటి మనసు కూడా దానికి లేకపోయిందంటాడు. ఆ తర్వాత తూనీగ ఒక్కడే వాయించే సోలో వస్తుంది. అది మొదలయ్యిందంటే చేతిలో గ్లాసులు చేతిలోనే ఉండిపోయేవి.

పాట మొదట్లో అలా లేదు. మూడు చరణాలుండేవి. ముప్పై ఏళ్ళ కిందట ఒక చిన్న రికార్డింగ్ కంపెనీ వాళ్ళను పిలిచినప్పుడు, అక్కడ మీటలు నొక్కే ఆయన, పాట మరీ పొడుగైతే రేడియో వాళ్ళు ముట్టుకోరని, ఏదో ఒకటి కోసెయ్యమని చెప్పాడు. తూనీగ రెండో ఆలోచన లేకుండా మూడో చరణం తీసెయ్యమన్నాడు. కథ రెండు చరణాల్లో తెలిసిపోతోంది కదా, మూడోది ఎందుకని అడిగాడు. బావ కాసేపు గోడవైపు చూశాడు. "కథ అక్కడే ఉందిరా," అన్నాడు మెల్లగా. అయినా పెళ్ళాం ముద్దుగా పెంచుకున్న తమ్ముడని బావ అతన్ని ఎన్నడూ కాదనలేదు, ఆ రోజూ కాదనలేదు. పాట రేడియోలో మోగాక జనం రికార్డులో ఉన్నట్టే అడిగారు. బార్లో కూడా మూడో చరణం పోయింది. పోయిందని తూనీగ ఆ తర్వాత ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

ఈ చలికాలంలో బావ పోయాడు. ఊపిరితిత్తులు. ఇన్నేళ్ళ ఆవిరి, బార్లో పొగ, రెండూ కలిసి నమిలేశాయి. డ్రమ్ములు వాయించే ముసలాయన పూనుకుని, డిపో పక్క హాల్లో సంతాపసభ పెడదామని, ఆ పాట తూనీగే పాడాలని తేల్చాడు. తూనీగ ఆ సంగతి చెప్పడానికి ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి కుట్టి రిటైరయిన మనిషి. మేడమీద రెండు గదులు. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని పక్కన బావ ఇస్త్రీ బల్ల, దాని మీద మాడిన దుప్పటి ఇంకా అలాగే పరిచి ఉంది. ఆమె టీ ఇచ్చి, అంతా విని, ఒక్కటే అడిగింది.

"మూడు చరణాలూ పాడతావా?"

తూనీగ నవ్వబోయాడు. మూడోది ఎవరికి గుర్తుందని అన్నాడు. ఆమె నవ్వలేదు.

"నీకు గుర్తుండాలి. ఆయన పక్కన నిలబడ్డది నువ్వే కదా."

అప్పుడు చెప్పుకొచ్చింది. ఇన్నేళ్ళూ చెప్పని సంగతి, ఎవరో పక్కింటావిడ కథ చెప్పినట్టు చెప్పింది. ఆ వాన రాత్రి నిజంగా జరిగిందే. ఆమె ఆరోనెల కడుపుతో ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. ఆమె వంటగది నేలమీద పడి ఉంది. బయట మొగుడు పిలవడం, తిట్టడం, తలుపు బాదడం అన్నీ వినిపిస్తున్నాయి. పలకడానికి గొంతు రాలేదు. ఆయన కోపంతో ఇస్త్రీ షాపు అరుగు మీదకు పోయి పడుకుని, మొదటి రెండు చరణాలు అక్కడే కట్టాడు. తెల్లారి పక్కింటివాళ్ళు గడియ విరగ్గొట్టారు. బిడ్డ దక్కలేదు. మళ్ళీ కలగలేదు కూడా.

అక్క ఆస్పత్రిలో పడటం, బిడ్డ పోవడం తూనీగకు తెలుసు. తనే పళ్ళు పట్టుకెళ్ళాడు. ఆ తలుపే ఈ తలుపని మాత్రం ఇవాళే తెలిసింది. వేలసార్లు ఆ పాటకు వాయించినవాడికి, అందులో నిలబడ్డ మగవాడు ఎవరో, లోపలున్న ఆడది ఎవరో పట్టలేదు. మాటలు నడుస్తున్నంతసేపూ అతను తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్క పెట్టుకునేవాడు.

"మూడో చరణం తలుపు తెరిచాక కట్టాడు," అంది అక్క. "అందులో నన్ను నిలబెట్టానని, ఒకరోజు బారుకొచ్చి వినమని అనేవాడు. నాకేమో సాయంత్రం షిఫ్టు. వెళ్దాం వెళ్దామనుకునేలోపు మీ రికార్డు వచ్చింది."

రికార్డు వచ్చాక ఫ్యాక్టరీలో ఆమె బతుకు ఎలా గడిచిందో కూడా అప్పుడే తెలిసింది. పాట ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరి మీదో ఊహించుకోవడానికి ఎంతసేపు? ఇవాళైనా తలుపు తీశావా అని భోజనాల దగ్గర పరాచికాలు. ఆమె నవ్వి కాలర్లు కుట్టుకునేది. ఆ మూడో చరణం ఇంట్లో పాడమని మొగుణ్ణి రెండుమూడుసార్లు అడిగింది. ఆయన మొదలుపెట్టి, మొదటి మాట దగ్గరే ఆపేసేవాడు. మీ తమ్ముడు పక్కన వాయిస్తే తప్ప అది నా నోట రాదు అనేవాడట.

"ఊరికి చెప్పమని అడగటంలేదురా. ఊరు ఏమనుకుంటే ఏం ఇప్పుడు. ఆయన ఏమన్నాడో నాకు తెలియాలి."

తూనీగ టీ గ్లాసు పక్కన పెట్టాడు. గుర్తుచేసుకుని వస్తానని చెప్పి లేచాడు. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

డ్రమ్ముల ముసలాయన్ని అడిగాడు. ఆయన, నేను నీ భుజం చూసి వాయించేవాణ్ణి, మాటలు నాకెక్కడివి అన్నాడు. బారు యజమానిని అడిగాడు. తాగడానికొచ్చినవాళ్ళు చరణాలు గుర్తుపెట్టుకుంటారా అని అతను ఎదురడిగాడు. షాపులో తీగ చుడుతూ, చుట్ల లెక్క తప్పి, మళ్ళీ విప్పి చుడుతూ తలబద్దలు కొట్టుకున్నాడు. ఆ రోజుల్లో బావ వేసుకున్న చొక్కా గుర్తొచ్చింది, మైకు వంకర గుర్తొచ్చింది, ఆ చరణం కింద తను వాయించిన ప్రతి స్వరం వేళ్ళకు గుర్తుంది. మాట మాత్రం ఒక్కటి లేదు.

చివరికి తనే కట్టేద్దామనుకున్నాడు. మూడు వరుసలే కదా, అందులోనూ రెండు ఒకటే. బావ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కట్టినవి తనకు చేతకాకపోతాయా అనుకున్నాడు. వారమంతా కూర్చున్నాడు. పరుగెత్తే వేళ్ళున్నవాడికి నిలబడే మాట ఒక్కటి దొరకలేదు. వచ్చిన మాటలన్నీ ఎక్కడో విన్నవే. ఆ వారమే మొదటిసారి బావ ఎంత పెద్దవాడో తెలిసింది, తెలిసి ఏం లాభం.

మళ్ళీ ఆదివారం గిటారు తీసుకుని వెళ్ళాడు. గుర్తొచ్చిందని చెప్పి పాడాడు.

తెల్లవారి తలుపు తీస్తే, తప్పు నాదని తెలిసింది,
తెల్లవారి తలుపు తీస్తేనే, తప్పు నాదని తెలిసింది,
నన్ను క్షమించవే చెలీ, నా గుండె పగిలిపోయింది.

అక్క కుట్టుమిషను చక్రం మీద చెయ్యి పెట్టి విన్నది.

"ఇది మీ బావ మాట కాదు," అంది. "నలభై ఏళ్ళలో నన్ను చెలీ అనలేదు. అంటే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని."

తూనీగ తల దించుకున్నాడు. ఒక్క మాట కూడా గుర్తులేదని ఒప్పుకున్నాడు. ఆ చరణం తీసెయ్యమన్నది కూడా తనేనని చెప్పాడు. అది ఆమెకు తెలుసు, బావ చెప్పకపోయినా ఎప్పుడో తెలుసు. తిడుతుందేమో, తిడితే బాగుండు అనిపించింది. ఆమె కిటికీలోంచి కిందికి చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి అక్కడ ఏమీ లేదు. అది చూడటమే అతనికి కష్టమైంది.

"అసలు లేదేమోరా," అంది చివరికి. "నన్ను ఊరడించడానికి చెప్పాడేమో. ఉన్నా, నన్ను తిట్టే మూడో చరణమేనేమో."

"ఉంది అక్కా. నేను వాయించాను."

"ఏం వాయించావు?"

ఈ మాట అతన్ని ఎవరూ అడగలేదు, తనను తను కూడా అడగలేదు. గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. కాలితో తాళం వేసి, బావ మొదటి వరుస పాడేంతసేపు ఊరికే ఉన్నాడు. బదులు రావాల్సినచోట రెండు స్వరాలు మీటాడు, కింద తీగ మీద, మెల్లగా. మళ్ళీ ఊరుకున్నాడు. మళ్ళీ అవే రెండు. మూడో వరుస పట్టేంతసేపు ఆగి, అది ముగిశాక ఒకే ఒక్క స్వరం మీటి, తీగ మీద అరచెయ్యి పెట్టి ఆపేశాడు.

అక్క ఇటు తిరిగింది.

"అంతేనా?"

"అంతే."

"నువ్వా?"

తూనీగకు కూడా అప్పుడే తట్టింది. మొదటి చరణం కింద గలగలమంటాడు, రెండో చరణం కింద మరీను. ఈ చరణం కింద మాత్రం, బారు నిండా జనం చూస్తుండగా, ఏడాదిపాటు ప్రతి సాయంత్రం, మొత్తం కలిపి అయిదు స్వరాలు. అంతకంటే వాయించబుద్ధి కాలేదు. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు, వేళ్ళు ముందుకు పోయేవి కావు. ఆ మాటే చెప్పాడు.

ఆమె చాలాసేపు అతని చేతివైపు చూసింది.

"నీ చేతులు కూడా ఊరుకున్నాయంటే," అంది, "మంచి మాటే అని ఉంటాడు."

ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు అలా కారుతూనే ఉంది. తూనీగ గిటారు సంచిలో పెట్టుకుని, ఆమె బయటికి వచ్చేదాకా ఇస్త్రీ బల్ల పక్కన నిలబడ్డాడు.

సంతాపసభలో రెండు చరణాలు పాడాడు. మూడో చరణం చోట ఆ అయిదు స్వరాలే వాయించి, మిగతా అంతా ఖాళీగా వదిలేశాడు. సోలో రాలేదు. వెనక వరుసల్లో ఎవరో ఈల వేసి అడిగారు. గిటారు కింద పెట్టేశాడు. మూడో వరుసలో అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హాలు బయట, పాపం తూనీగ పని అయిపోయింది, వేళ్ళు బిగుసుకుపోయినట్టున్నాయి అని నలుగురూ అనుకున్నారు. డ్రమ్ముల ముసలాయన భుజం తట్టి, వయసు కదా అన్నాడు. తూనీగ అవునన్నాడు.

రికార్డు మాత్రం రికార్డే. దాన్ని ఎవరూ విప్పి మళ్ళీ చుట్టలేరు. నెల తిరక్కుండా షాపులో రేడియో ఆ పాట వేసింది. యజమాని ప్రేమకొద్దీ సౌండు పెంచి, నీదేనోయ్ అన్నాడు. రెండో చరణం అయిపోయింది. మూడోది ఉండాల్సినచోట గిటారు అందుకుంది, పోటెత్తుతూ, ఊపిరి తిప్పుకోకుండా. షాపులో అందరూ పని ఆపి విన్నారు. తూనీగ చేతిలో రాగితీగ అలాగే పట్టుకుని, ఆ వాయించేవాడు ఎప్పుడు ఆపుతాడా అని ఎదురుచూశాడు.