చెరిపేసిన వాటి చిట్టా

ఆ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే మేడమ్, వెనక్కి తిరిగితే తాళాలక్క. నడుముకు తాళాలగుత్తి వేలాడేసుకుని ఆమె మెట్లు దిగుతుంటే ఆ చప్పుడుకే కింది అంతస్తులో కునుకు తీసేవాళ్ళు లేచి సర్దుకుని కూర్చునేవాళ్ళు. పురపాలక కార్యాలయంలో రికార్డు విభాగానికి ఆమె అధికారి. కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అనేవాళ్ళు. అది నిజం కాదు. ముక్కు దాకా వెళ్ళే ఓపిక ఆ కోపానికెప్పుడూ లేదు, నాలుక మీదే కాపురం పెట్టింది.

ఆమె రాజ్యం ఒకప్పుడు మూడో అంతస్తు చివరి గది. ఇనప అరల నిండా గుడ్డమూటలు, ఆ మూటల నిండా ఊరి బాగోతం. కాగితాలు ఎగిరిపోతాయని అక్కడ ఫ్యాను వేయనిచ్చేది కాదు. వేసవిలో ఎవరైనా ఫైలు కోసం వస్తే చెమటలు కక్కుతూ, తిట్టుకుంటూ, ఫైలు మాత్రం దొరకబుచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

తర్వాత స్కానింగు వచ్చింది. కాంట్రాక్టు కంపెనీవాళ్ళు మిషన్లు దింపి, ఉన్న కాగితమల్లా బొమ్మ తీసి కంప్యూటర్లో పెట్టారు. బొమ్మ తీసిన కాగితాన్ని గుజ్జు చేసే మిల్లుకు లారీకెక్కించారు. అప్పట్నుంచి కొత్తగా వచ్చే ప్రతి అర్జీదీ అదే దారి. రికార్డు గదిని ఆఫీసర్ల భోజనాల గది చేశారు, ఫ్యాన్లు కూడా పెట్టించారు. తాళాలు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయాయి. వేయడానికి తలుపుల్లేకపోయినా నడుముకు వేలాడేసుకునే వచ్చేది, పంతం కొద్దీ.

కంప్యూటర్లో ప్రతి కాగితానికీ ఒక ఆయుష్షు ఉంటుంది. స్కాన్ చేసేటప్పుడే ఇది ఏ రకం కాగితమో ఒక జాబితాలోంచి ఎంచాలి. జాబితాలో అన్నిటికన్నా పైన ఉండేది ‘సాధారణ ఫిర్యాదు’, దాని ఆయుష్షు అన్నిటికన్నా తక్కువ. ‘ప్రాణాపాయం’ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ‘శాశ్వతం’ అట్టడుగున. స్కాన్ చేసేవాళ్ళకు పేజీకింత అని కూలి. కిందికి దిగి వెతికే తీరిక ఎవడికుంది? ఏ కాగితం వచ్చినా మొదటిదే నొక్కేవాళ్ళు. ఆయుష్షు తీరాక కమిషనర్ గారికి ఒక సందేశం వెళుతుంది, ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని. ఆయన గడువులోగా బదులివ్వకపోతే కంప్యూటరు తీసేస్తుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఈ కంప్యూటరు మిగతా సగం కూడా తానే కలిపేసుకుంది.

మొదట్లో ఇదంతా వివరించడానికి పెట్టిన మీటింగులో తాళాలక్క అరిచి గీపెట్టింది. ఎవరూ వినలేదు. చివరికి ఒక్క మాట మీద మొండికేసింది. “చెరిపేస్తే చెరిపెయ్యండి. కానీ ఏం చెరిపారో, ఎవరు చెరపమన్నారో ఒక చిట్టా ఉండాలి. అది మాత్రం ఎప్పటికీ చెరగకూడదు. కాగితాలున్నప్పుడు మిల్లుకి పంపిన ప్రతి మూటకీ నేను రాసిపెట్టేదాన్ని.”

“చెత్తకి కూడా లెక్కలు రాస్తారా మేడమ్?” అని కంపెనీవాడు నవ్వాడు. కమిషనర్ గారూ నవ్వారు. ఈవిడ నోరు మూయించడానికి అదే చవకైన దారి అనుకుని సరే అన్నారు. ఆ చిట్టాను ఎవరడిగినా ఇవ్వొచ్చని, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని కూడా నియమాల్లో రాసేశారు. చెత్త జాబితా ఎవడికి కావాలి గనక!

ఆఫీసుకు ఎదురుగా సందు మలుపులో ఇస్త్రీ బండి ఉండేది. బండాయన్ని అందరూ ఇస్త్రీ బాబాయ్ అనేవాళ్ళు. ఆఫీసులో సగంమంది చొక్కాలకు, కమిషనర్ గారి ప్యాంటు మడతతో సహా, ఆయన కుడిచెయ్యే ఆధారం. ఆ బండి పక్కనే మురిక్కాలవ గుంత. దాని మూత ఎవరో ఎత్తుకుపోయారు. బాబాయ్ ఆఫీసుకొచ్చి అర్జీ పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి పెట్టేటప్పుడు, “పసిపిల్లలు తిరిగే సందు, ఎవరన్నా పడి చస్తేగానీ కదలరా” అని చివర రాయించాడు. విషయం గడి నింపి, ముద్ర వేసి లోపలికి పంపింది తాళాలక్కే. ఇంజనీర్ల గదికి రెండుసార్లు వెళ్ళి అడిగింది కూడా. గోడకు చెప్పినా ఒకటే, వాళ్ళకు చెప్పినా ఒకటే.

ఆ వానాకాలంలో సందంతా నీళ్ళు నిలిచి గుంతేదో రోడ్డేదో తెలియకుండా పోయింది. ఉతికిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని వస్తున్న బాబాయే అందులో పడ్డాడు. ఎముక రెండుచోట్ల విరిగింది, నరం తెగింది. కట్టు విప్పాక చూస్తే కుడిచెయ్యి పిడికిలి పట్టదు. ఇస్త్రీపెట్టె కాదుగదా, గ్లాసు కూడా ఎత్తదు.

బాబాయ్ కోర్టుకెళ్ళాడు. పురపాలక సంఘం తరఫున ఒకే ఒక్క జవాబు దాఖలైంది: మూత పోయిందని మాకెవరూ చెప్పలేదు, చెప్పుంటే వేసేవాళ్ళం.

తాళాలక్క ఆ జవాబు చదివి నేరుగా బండి దగ్గరికెళ్ళింది. బాబాయ్ ఎడంచేత్తో ఇస్త్రీ నేర్చుకుంటున్నాడు. ఒక చొక్కా కాలరు మాడ్చేసి దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

“బాబాయ్, అర్జీలిచ్చినప్పుడు మిషన్లోంచి రసీదులు వచ్చాయి కదా, మూడూ ఉన్నాయా?”

“ఎందుకు లేవమ్మా, భద్రంగా ఉన్నాయి.” బాబాయ్ బల్ల మీది దుప్పటి మడత ఎత్తి, ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. అందులో మూడు చీటీలు. మూడూ బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఒక్కక్షరం కనబడదు.

“ఇదేంటి బాబాయ్?”

“జేబులో నలిగిపోయాయని ఇస్త్రీ చేసి పెట్టానమ్మా. ఎందుకో నల్లబడ్డాయి. నలిగిన కాగితం కోర్టువాళ్ళు తీసుకోరేమో అనుకున్నా.”

అది వేడి తగిలితే నల్లబడే కాగితం. నలిగిన ప్రతిదాన్నీ సాపు చెయ్యడమే జీవితంగా బతికిన మనిషి తన సాక్ష్యాన్ని కూడా శ్రద్ధగా ఇస్త్రీ చేసి దాచుకున్నాడు. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, ఒళ్ళు మండిపోయింది. మండింది ఆయన మీద కాదు.

ఇక ఉన్నవి కంప్యూటర్లోని బొమ్మలే. వెళ్ళి చూసింది. మూడూ ఉన్నాయి. పక్కన గడిలో మూడింటికీ ‘సాధారణ ఫిర్యాదు’ అని ఉంది. ఆయుష్షు వచ్చే నెల మొదటి తారీఖుతో సరి.

అదే రోజు కమిషనర్ గారి గదికెళ్ళింది. “సార్, కేసు నడుస్తుండగా వాటిని చెరపకూడదు. మీకు వచ్చిన సందేశానికి ‘ఉంచండి’ అని ఒక్కటి నొక్కండి, చాలు.”

“చూద్దాం మేడమ్.”

“చూడ్డానికి ఏముంది సార్, ఇదిగో ఇక్కడ.”

“కోర్టు అడిగిందా? అడగలేదు. అడక్కుండా మనం ఉంచితే వాటి మీద మనకేదో ఆసక్తి ఉన్నట్టవుతుంది. నేనేమీ చెరపమని చెప్పడం లేదు కదా. ఏదైనా సిస్టమ్ ప్రకారం జరుగుతుంది.” ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఇంకో ఫైలు మీదికి తల వంచారు. ఆయన ఒంటి మీది చొక్కా మడత కొంచెం వంకరగా ఉంది. ఎడంచేతి పని.

అప్పుడర్థమైంది ఆమెకు. పూర్వం ఒక కాగితం మాయం కావాలంటే ఎవడో ఒకడు దొంగ కావాల్సొచ్చేది. గోడ దూకాలి, తాళం పగలగొట్టాలి, అగ్గిపుల్ల గీయాలి, ఆ రాత్రి కాస్తయినా నిద్ర చెడాలి. ఇప్పుడు ఆ శ్రమ లేదు. చేతులు కట్టుకుని మర్యాదగా కూర్చుంటే చాలు, తారీఖే వచ్చి పని చేసిపెడుతుంది. పాము చావదు, కర్ర విరగదు, బాబాయ్ చెయ్యి మాత్రం విరిగింది.

అచ్చు తీద్దామంటే ఆ మీటకు కూడా కమిషనర్ గారి అనుమతే కావాలి. రాత అర్జీ పెట్టింది, జవాబు లేదు. ఆఫీసు న్యాయ విభాగానికి రాసింది, “పరిశీలనలో ఉంది” అన్నారు. బాబాయ్ తరఫు లాయరు కోర్టులో అడుగుదామంటే వాయిదా మొదటి తారీఖు తర్వాతే ఉంది. ఇంట్లో ఆమె భర్త, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, అన్నం కలుపుతూ తేలిగ్గా అన్నాడు.

“ఫోన్తో ఫోటో తీసెయ్యరాదటే? గొడవొదిలిపోద్ది.”

“తీస్తే? ‘ఇది నువ్వింట్లో తయారుచేశావ్’ అంటాడు వాళ్ళ లాయరు. నా ముద్ర లేని కాగితం కాగితమా? దొంగతనం నాకంటుకుంటుంది, వాళ్ళు దొరలవుతారు.”

“మరెందుకే ఆ కోపం, నీ బీపీ పెరగడానికి కాకపోతే?”

“మీరు ఎన్నడైనా టికెట్టు చించిచ్చి, మళ్ళీ ‘టికెట్టే తీసుకోలేదు’ అని ప్యాసింజర్ని దింపేశారా?”

“ఛ!”

“వీళ్ళు దింపుతున్నారు. నేను వేసిన ముద్రను నా కళ్ళముందే లేదంటున్నారు. నాకు కోపం రాకపోతే ఇంకెవరికి రావాలి!” కంచం తోసేసి లేచింది. భర్త కంచం తీసి మూత పెట్టాడు.

మొదటి తారీఖు వచ్చింది. పొద్దున ఆఫీసుకు రాగానే కంప్యూటరు తెరిచి మూడు అర్జీల నంబర్లూ కొట్టింది. ‘ఏమీ దొరకలేదు’ అంది తెర. మళ్ళీ కొట్టింది. ఏమీ దొరకలేదు. భోజనాల గదిలోంచి, అంటే తన గదిలోంచే, నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ నవ్వు వీటి గురించి కాకపోవచ్చు, కానీ ఆ నిమిషంలో ఆమెకు లోకంలోని ప్రతి నవ్వూ తన మీదే అనిపించింది.

పోయినవాళ్ళ జాబితాలో పేరు చూసుకున్నట్టు, ఏ ఆశా లేకుండా, చెరిపేసిన వాటి చిట్టా తెరిచింది. పెట్టించినప్పట్నుంచి దాన్ని ఎవరూ తెరిచిన పాపాన పోలేదు. చివర మూడు వరుసలున్నాయి. అర్జీదారు: ఇస్త్రీ బండి యజమాని. విషయం: మురిక్కాలవ మూత లేదు. రెండోదాంట్లో: మూత లేదు, రెండో అర్జీ. మూడోదాంట్లో: మూత లేదు, మూడో అర్జీ, ప్రాణాపాయం. అందిన తారీఖు, చెరిపిన తారీఖు. చివరి గడిలో కమిషనర్ గారి హోదా, దాని పక్కన: సందేశం చూశారు, బదులివ్వలేదు.

 చెరిపిన తారీఖు కేసు వేసిన తర్వాతది. ఇన్నాళ్ళూ నోరు మెదపకుండా దాక్కున్న మౌనం ఇక్కడ హోదాతో సహా నమోదై కూర్చుంది.

లేచి సందు మలుపుకు వెళ్ళింది. “బాబాయ్, ఆ పని ఆపి నాతో రా. అర్జీ పెట్టాలి.”

“నాలుగోదా తల్లీ?” బాబాయ్ భయంగా చూశాడు. “ఇప్పటికే మూడు పెట్టి చెయ్యి పోగొట్టుకున్నా.”

“ఇది వేరే. ఏం చెరిపారో చెప్పమని.”

ఎవరి అనుమతీ అక్కర్లేని కాగితం అది. ఆమె అచ్చు తీసి, నిజప్రతి అని సంతకం చేసి, ముద్ర ఎంత గట్టిగా కొట్టిందంటే పక్క బల్ల మీది టీ తొణికింది.

కోర్టులో పురపాలక లాయరు పాత పాటే పాడాడు. ఏ ఫిర్యాదూ రాలేదు, వచ్చినట్టు ఏ రికార్డూ లేదు. అప్పుడు బాబాయ్ తరఫు లాయరు ఆ చిట్టా ఇచ్చాడు. జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. ఇంకోసారి చదివారు. తలెత్తి కమిషనర్ గారిని అడిగారు.

“రానివాటిని ఎలా చెరిపారండీ?”

కమిషనర్ గారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. ఈసారి బదులివ్వకపోవడం ఆయనకు కలిసిరాలేదు.

తీర్పు బాబాయ్ వైపే వచ్చింది. కమిషనర్ గారికి ఏమీ కాలేదు, ఇంతకన్నా పెద్ద ఊరికి బదిలీ మీద వెళ్ళారు. తాళాలక్కను రికార్డు విభాగంలోంచి తీసి కుళాయి కనెక్షన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. తాళాలు ఇచ్చెయ్యమన్నారు. అవి ఏ తలుపుకూ పట్టవని తెలిసి కూడా సంతకం పెట్టించుకుని మరీ తీసుకున్నారు.

తీర్పు ప్రతి ఇవ్వడానికి ఆమె బండి దగ్గరికెళ్ళింది. ఇస్త్రీ బాబాయ్ దాన్ని ఎడంచేత్తో అందుకుని, కుడిచేత్తో మడవబోయి, వేళ్ళు కదలక ఆగిపోయాడు.

“అంతా మంచిగానే అయింది తల్లీ,” అన్నాడు. “ఆ చిట్టాలో ఇంకొక్క వరుస రాసిపెట్టు. నా చెయ్యి కూడా.”

ఆమె ఆ కాగితం తీసుకుని, మడిచి ఆయన జేబులో పెట్టింది. తిరిగి వస్తుంటే గుంత కనిపించింది. ఇప్పటికీ మూత లేదు. ఎవరో ఒక విరిగిన చెక్క అడ్డం వేసి, దాని మీద ఇటుక పెట్టారు. స్కూలు పిల్లలు ఆ చెక్క మీదుగా గెంతుకుంటూ పోతున్నారు.

తాళాలక్క సిబ్బంది వెళ్ళే వెనక గేటునుంచి కాకుండా ముందు గేటునుంచి ఆఫీసుకు వెళ్ళి, అర్జీల కౌంటరు క్యూలో నిలబడింది. తన వంతు వచ్చాక, గుంతకు మూత లేదని రాసిన కాగితం ఇచ్చింది. కౌంటర్లోని అమ్మాయి స్కాన్ చేసి, జాబితాలో మొదటిది నొక్కింది.

“ఏం నొక్కావ్?”

“సాధారణ ఫిర్యాదు మేడమ్. మొదట అదే వస్తుంది.”

“కిందికి వెళ్ళు.”

“మేడమ్, వెనక చాలామంది ఉన్నారు...”

“ఉండనీ. ఇంకా కిందికి. అట్టడుగుకు.”

క్యూలో వెనకున్నవాళ్ళు గొణిగారు, ఒకాయన పైకే తిట్టాడు. ‘శాశ్వతం’ అనే మాట తెర మీద పడేదాకా ఆమె కిటికీ ముందునుంచి కదల్లేదు.