బాసకీ బానిసకీ మధ్య ఒక ‘ని’

‘బాస్’ మధ్యలో ‘ని’ దూరితే ‘బానిస’. ఇది నా సొంత జోక్. బాస్ సంతకం పెడితేనే అయ్యే వీసా రెన్యూవల్ వచ్చినప్పుడల్లా, మేముండే పార్సిప్పనీలోని స్నేహితులకు వడ్డిస్తాను. తెలుగు రానివాళ్లకు అనువదించి మరీ చెబుతాను. స్నేహితులు మొదటిసారి నవ్వారు. ఆ నవ్వు మీదే తొమ్మిదేళ్లుగా బతుకుతున్నాను.

అయిదో తరగతి చదివే మా అమ్మాయి ఫీల్డ్ ట్రిప్‌కి తోడు వస్తానని స్కూల్లో పేరిచ్చాను. ఒకప్పుడు ఈ దేశపు దక్షిణాది తోటల నుంచి తప్పించుకొచ్చిన బానిసలను దాచిన పాత ఇల్లొకటి చూడాలి. పొద్దున కార్‌లో అమ్మాయి నా వైపు వేలు చూపించింది.

"నాన్నా, ఆ బాస్ జోక్ అక్కడ వద్దు. ప్రామిస్ చెయ్. చెప్పావో, ఇంక నా ఏ ట్రిప్‌కీ నువ్వు రావు."

బాస చేశాను.

ఇల్లు చూపించినావిడ డెబ్బై దాటిన నల్లజాతి మహిళ. తప్పించుకునేవాళ్లను రహస్యంగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేర్చిన మనుషుల వరసనే ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అన్నారట. పట్టాలు లేవు, ఇంజను లేదు, కండక్టర్ మాత్రం ఉండేవాడట. "మరి కండక్టర్ ఏం చేసేవాడు?" అని ఆవిడ పిల్లలను అడిగింది.

చెయ్యెత్తింది నేను. "టికెట్లు కొట్టి, రైట్ రైట్ అని అరిచేవాడు!"

పిల్లలు గొల్లుమన్నారు. మా అమ్మాయి తన షూ లేసులు చూసుకుంది.

"దారి చూపించేవాడు సర్. అరిస్తే అందరూ దొరికిపోయేవాళ్లు," అందావిడ నవ్వుతూనే.

తర్వాత బీరువా వెనక ఉన్న రహస్యపు అర తలుపు తీసి, ఎవరైనా దూరి చూస్తారా అంది. దూరాను. లోపలికి వెళ్లిన పొట్ట బయటికి రానంది.

"మా ముత్తవ్వ వాళ్లమ్మ ఇందులో మూడు రోజులుంది. ఒళ్లో చంటిబిడ్డ. దగ్గు వచ్చినా మింగేసిందట," అందావిడ. నేను దూరి రెండు నిమిషాలైంది, అప్పటికే నాలుగుసార్లు మూలిగాను.

నాకు కంగారు తగ్గాలనేమో, "మీ ఉద్యోగం ఎలా ఉంటుంది సర్?" అని అడిగింది.

జోక్ నాలుక చివరికొచ్చింది. పిల్లల మధ్య నుంచి రెండు కళ్లు నన్నే చూస్తున్నాయి.

"హాయిగా ఉంటుందండీ. నచ్చకపోతే మానేయొచ్చు," అన్నాను.

మా అమ్మాయి ముందుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "రైట్ రైట్!" అని లాగింది. బాస నిలిచింది, చొక్కా గుండీ నిలవలేదు.

తిరిగొస్తూ కార్‌లో చెప్పింది. "నెక్స్ట్ ట్రిప్ జూకి. నువ్వు రావచ్చు నాన్నా. కానీ దేంట్లోకీ దూరొద్దు."