మాస్టారి దెబ్బలకు పట్టిన నిద్ర

మా ఇంటి ఓనరు, రిటైరైన సినిమా ఫైట్ మాస్టారు, పోయిన నెల ఓ మధ్యాహ్నం వంకాయ కూరతో భోంచేసి, కాస్త నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి ఆయన భార్యే, మా ఆంటీ, చెప్పారు. "నిద్రలోనే వెళ్ళిపోయారు బాబూ" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, కాస్త అసూయ కూడా కలిగింది.

మీకు చెబితే నవ్వుతారు. కరీంనగర్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళ పై పోర్షన్‌లో దిగిన కొత్తలో నాకు తిండికి లోటు లేదు, నిద్రకే కరువు. రోజంతా కంప్యూటరు, మధ్యమధ్య బయటికెళ్ళి సిగరెట్టు. ఓసారి క్లయింటు ముందే గురక పెట్టాను. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పంపేస్తామని మేనేజరు తేల్చి చెప్పాడు. అప్పటికే పెళ్ళి కుదిరింది. ఉద్యోగం పోతే ఆ సంబంధమూ పోయేదే.

ఓ సాయంత్రం డాబా మీద సిగరెట్టు ముట్టిస్తే మాస్టారు మెట్లెక్కి వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన చేత డాక్టరు సిగరెట్లు మాన్పించాడట. పక్కన కూర్చుని "పొగ కాస్త ఇటు వదలవయ్యా" అన్నారు. ఆ ధైర్యంతో నా గోడు చెప్పుకున్నాను.

"నిద్ర అస్సలు వస్తలేదు మాస్టారూ. ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

"బుర్ర అలిసింది, ఒళ్ళు అలవలేదు. నిద్ర ఎక్కణ్ణించి వస్తుంది? పెట్టెలకు పెట్టెలు కాల్చిన రోజుల్లో నాకూ అంతే. షూటింగులో ఫైటుంటేనే కన్ను మూతపడేది. సిగరెట్ల సంగతి తర్వాత చూద్దాం, రేపు డాబా మీదికి రా."

ఆయనకు తెలిసిన వ్యాయామం ఒక్కటే. పాత పరుపు పరిచి ఆయన హీరో, నేను రౌడీ. వేషాలు మార్చుకుందామంటే ససేమిరా ఒప్పుకునేవారు కాదు. పిడికిలి నా దవడకు జానెడు దూరంలో ఆగేది. నేను మాత్రం కెవ్వుమని గిర్రున తిరిగి పడాలి, లేవాలి, మళ్ళీ పడాలి. అరుపు నచ్చకపోతే "వన్ మోర్!" అనేవారు. ఓ రోజు ఎదురింటి వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"గట్ల కొడుతున్నరేంది సార్! పోరడు సస్తడు, జర ఇడిసిపెట్టుండ్రి!"

నేను సర్దిచెప్పబోతే మాస్టారు ఆపారు. "నువ్వూరుకో. అతను నమ్మాడంటే షాట్ ఓకే!" అని పొంగిపోయి, ఆంటీతో అతనికి టీ పెట్టించారు. నన్ను చూసి అంతగా మురిసిపోయిన మనిషి మరొకరు లేరు.

మెల్లగా నిద్ర దారికొచ్చింది. ఎగిరి పడడానికి ఊపిరి చాలక సిగరెట్లు తగ్గాయి. పూర్తిగా మానేశానని అబద్ధం చెప్పను. తగ్గినందుకు మాస్టారు సంతోషించేవారు, పొగ దొరకనందుకు కాసేపు అలిగేవారు. ఉద్యోగం నిలిచింది, పెళ్ళీ అయింది.

ఆయన పోయాక మళ్ళీ కంటి మీద కునుకు లేదు. సిగరెట్లు పెరిగాయి. ఇక ఈ జన్మకింతేనని భయపడ్డాను. పెద్దకర్మ రోజు పొద్దున్నుంచీ ఆయన శిష్యులైన ఫైటర్లతో కలిసి బల్లలు మోశాను, నీళ్ళు మోశాను, పంక్తి తర్వాత పంక్తి వడ్డించాను. చివరి బంతిలో తిని షామియానా కింద కుర్చీలో కూలబడ్డాను. అంతే తెలుసు.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. షామియానా గుంజలన్నీ తీసేశారు. నా నిద్ర చెడకుండా నెత్తి మీది గుడ్డను మాత్రం నలుగురు ఫైటర్లు చేతులెత్తి పట్టుకుని నిలబడ్డారు. ఆంటీ పెదాల మీద వేలుంచి, వాళ్ళను నవ్వనివ్వకుండా చూస్తున్నారు.