చెరిసగం బన్ను

దబ్... దబ్... దబ్.

వీధి ఇంకా కళ్ళు నులుముకోకముందే ఆ చప్పుడు మొదలవుతుంది. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వంగి చూస్తే ముందు పిండి బల్ల, దాని మీద మోచేతుల దాకా తెల్లబడ్డ రెండు చేతులు, ఆ తర్వాత ఆమె కనబడుతుంది. వీధంతా ఆమెను బ్రెడ్డక్క అంటుంది. బల్లకు అవతల, నోటికి విరామం లేకుండా మాట్లాడుతూ ఓవెన్లోకి ట్రేలు తోసేవాడు ఆమె మొగుడు. అప్పటికింకా మొగుడే.

ఇద్దరి మధ్య పోట్లాట లేదు, మూడో మనిషీ లేరు. ఆయనకు ఇల్లంతా మాటలుండాలి. ఆమెకు పనయ్యాక గోడ మీద వెలుతురు జరగడం వినబడేంత నిశ్శబ్దం కావాలి. ఏళ్ళ తరబడి సర్దుకున్నారు. సర్దుకుని సర్దుకుని ఇద్దరూ అలిసిపోయారు. ఒకరోజు పిండి పిసుకుతూ ఆమే అంది.

"పొయ్యి దగ్గర మనకు తిరుగులేదు గానీ, కాపురానికి పనికిరామయ్యా."

ఆయన తోస్తున్న ట్రేని సగంలో ఆపాడు. తర్వాత, "నేనే అందామనుకుంటున్నా, నువ్వు ముందు అనేశావు" అన్నాడు.

దుకాణం పైనున్న రెండు గదుల్లో ముందుది ఆయనదైంది, వెనకది ఆమెదైంది. స్టవ్వులు వేరు, గిన్నెలు వేరు, బట్టలారేసే తాళ్ళు కూడా వేరు. ఏడాది నిండాక ఇద్దరూ లాయరమ్మ దగ్గరికి వెళ్ళారు. పెళ్ళప్పుడు తననెవరూ ఏమీ అడగలేదు, విడిపోవడానికి ఏమేం అడుగుతారో చూద్దామని బ్రెడ్డక్కకు లోపల ఒకటే కుతూహలం.

"ఇద్దరికీ ఇష్టమేనా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

"బలవంతపెడితే వినే మనిషా ఈవిడ?" అన్నాడాయన.

"పిల్లలు లేరు. ఆస్తి తగాదా ఏమైనా?"

"దుకాణం ఇద్దరిదీ. విడిపోయినా ఇద్దరిదే" అంది బ్రెడ్డక్క.

"మంచిది. ఇక గడిచిన ఈ ఏడాదంతా మీరు విడివిడిగా బతికి ఉండాలి. ఒకే కప్పు కిందైనా ఫర్వాలేదు. కానీ ఒక గదిలో పడుకోకూడదు, ఒకరికొకరు వండిపెట్టుకోకూడదు, కలిసి తినకూడదు."

"అబ్బే, ఏమీ లేదండీ" అన్నాడాయన.

"తింటున్నాం" అంది బ్రెడ్డక్క.

లాయరమ్మ రాయడం ఆపి తలెత్తింది.

"ట్రే దిగగానే మొదటి బన్ను విరుస్తాం లాయరమ్మా. సగం ఆయనకి, సగం నాకు. ఉప్పు సంగతి నాకు తెలుస్తుంది. లోపల ఉడికిందో లేదో ఆయనకి తెలుస్తుంది. రోజూ, ప్రతి ట్రేకీ."

"ఆ మాట ఎత్తకండి అక్కా! జడ్జిగారికి అది కాపురంలా అనిపించిందంటే అర్జీ కొట్టేస్తారు. ఏడాది మళ్ళీ మొదటికొస్తుంది."

"కోర్టులో ప్రమాణం చేసి ఎలా దాచను?"

"బన్ను ముక్కకి ప్రమాణమేంటే! నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడాయన.

"నోరు మూసుకోవడం గురించి నువ్వు చెప్తున్నావా?"

లాయరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

మర్నాడు బ్రెడ్డక్క ఒక్కతే రుచి చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. మధ్యాహ్నానికి వీధిలో సగం మంది బన్నులు తిరిగి తెచ్చారు, లోపల పచ్చిపిండి అని. ఆ మర్నాడు ఆయన ఒక్కడే చూశాడు. దూదిలా ఉడికాయి, నోట్లో పెట్టుకుంటే ఒట్టి చప్పన. మూడోరోజు మాట్లాడకుండా మళ్ళీ విరిచారు. వేడి పొగ ఇద్దరి మధ్యా లేచి, ఎవరి వైపూ మొగ్గకుండా కరిగిపోయింది. తినడమంటే ఏమిటో, రుచి చూడటమంటే ఏమిటో ఆమెకు తేలలేదు. తన వెనక గది, దాని నిశ్శబ్దం ఆ రెంటి మధ్య గీత మీదే నిలబడి ఉన్నాయని మాత్రం తెలుసు.

కోర్టులో జడ్జిగారు, కలిసి తింటారా అని అడగనే అడిగారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. పక్కన ఆయన తల పట్టుకున్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"ఆ ముక్క తిన్నాక ఏం చేస్తారమ్మా?"

"రెండో ట్రే పెడతామండీ."

"మరి ఆకలేస్తే?"

"ఎవరి గదికి వాళ్ళం పోతాం."

"ఏమయ్యా, నిజమేనా?"

"నిజమేనండీ. పిలిచినా రాదు" అన్నాడాయన.

జడ్జిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది పనమ్మా, కాపురం కాదు" అని సంతకం చేశారు.

ఇదంతా పత్రికకు రాసుకోవడానికి దుకాణానికి వచ్చినవాళ్ళకు, చేతికంటిన పిండి గీక్కుంటూ బ్రెడ్డక్క చివరగా చెప్పిన మాట ఇది:

"కాగితం చేతికొచ్చిన రోజు ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదండీ, ఆకలేసింది. పైకెళ్ళి వండుకుని, తలుపేసుకుని, ఒక్కదాన్నే కూర్చుని తిన్నా. ఎంత నెమ్మదిగా తిన్నానో! సరే, కాస్త పక్కకి జరగండి, ట్రే వేడిగా ఉంది."