తడి మాను వైపు తిప్పిన కెమెరా

నా చిన్నప్పుడు, మా నాన్న చనిపోయిన రోజున, మా వాకిట్లో ఒక వీడియో కెమెరా ఉంది.

మలేషియాలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో, కూలీల లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. పక్కింటి అక్క కౌలాలంపూర్‌లో చదువుకుని, మా బతుకుల మీద సినిమా తీయాలని ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకు వచ్చింది. ముందురోజే మా నాన్న ఆ కెమెరా ముందు సిగ్గుపడుతూ కాయలు వలిచాడు.

ఆ ఉదయం వాన పూర్తిగా వెలవకముందే మేనేజరు చెట్టెక్కమన్నాడు. తడి మాను మీద నాన్న కాలు జారింది. మధ్యాహ్నానికి మోసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. తాగి ఎక్కాడన్న మాట అప్పటికే ఆఫీసు నుంచి లైన్లలోకి వచ్చేసింది. మా నాన్న కల్లు ముట్టేవాడు కాదు. అయినా ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో కొందరు ఆ మాటే గుసగుసలాడారు.

అమ్మ ఏడ్చి ఏడ్చి గోడకు చేరబడింది. అక్క స్నేహితుడు కెమెరాతో ఆమె మీదికి వంగాడు.

"ఇంకోసారి ఏడవండమ్మా, ముఖం సరిగ్గా పడలేదు," అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. కన్నీళ్ళు కనబడితే చూసేవాళ్ళు కరుగుతారనుకున్నాడు. అక్క మాత్రం అరచెయ్యి అడ్డంపెట్టి కెమెరా ఆపేసింది. వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"పిన్నీ, నువ్వే సెప్పు. ఏటి సూపించమంటావు?" అంది.

"నా ఏడుపు సూత్తే ఏటి తెలుస్తాది? ఆ సెట్టు సూపించు. వానకి ఎలాగున్నాదో సూపించు."

అక్క నన్నూ తీసుకుని వెళ్ళింది. సన్నగా జల్లు పడుతూనే ఉంది. కెమెరాను మాను అడుగున మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా, మెల్లగా పైకెత్తింది. మాను మీద నాచు, దాని మీద జారే నీళ్ళు. ఎంత చూసినా చెట్టు తల రాలేదు. నాన్న అంత ఎత్తు ఎక్కేవాడని నాకు అప్పుడే తెలిసింది.

స్నేహితుడు దాని వెనక పాట పెడదామన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

కొన్నాళ్ళకు ఎస్టేటు బడిలో టీవీ పెట్టి ఆ సినిమా వేశారు. చెట్టు వచ్చినప్పుడు, "ఇంత తడిలోన ఎక్కించినారా!" అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన. ఆ తర్వాత లైన్లలో ఎవరూ నాన్న తాగాడని అనలేదు. ఆఫీసు మాత్రం తన మాట మార్చుకోలేదు. మా చేత ఇల్లు ఖాళీ చేయించారు. సినిమా దాన్ని ఆపలేకపోయింది.

ఇప్పుడు కౌలాలంపూర్‌లో నేనూ చిన్న చిన్న సినిమాలు తీస్తాను. మంచి సినిమాకి ఏం కావాలని సినిమా నేర్చుకునే పిల్లలు అడిగితే ఇదే చెబుతాను. ఏడ్చే మనిషి ఎదురైతే నేను ముందు కెమెరా దించుతాను. ఆ మనిషి ఎటు చూస్తోందో కనుక్కుని అటు తిరుగుతాను.