అత్త వంటింట్లో పొగ మిషను

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, మెడలో కార్డు పడితే తెలివి కూడా దానితోపాటే వస్తుందనుకునేదాన్ని. అండమాన్‌లో బాంబూఫ్లాట్‌లోని మా జాలరిపేట ఆడవాళ్లకు దగ్గూ ఆయాసమూ ఎందుకంత ఎక్కువో తేల్చడానికి మెయిన్‌లాండ్ నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. పేటవాళ్లు కలిస్తేనే నిజం బయటపడుతుందని వాళ్ల నమ్మకం. అలా ఇంటరు పాసైన నేను దొరికాను. (నిజాన్ని దాచాలన్నా పేట మనిషే కావాలని వాళ్లకు తట్టలేదు.) పొగను కొలిచే తెల్ల మిషన్ని ఒక్కో వంటింట్లో ఒక రోజంతా వేలాడదీయాలి. పొగ ఎక్కువని తేలితే పేటకు గ్యాసు పొయ్యిలు వస్తాయి.

మొదటిది మా మేనత్త ఇంట్లోనే పెట్టాను. చాతం రంపపు మిల్లు నుంచి తెచ్చిన చెక్కముక్కలతో ఏళ్ల తరబడి వండుతున్న మనిషి. రెండు మాటలకోసారి దగ్గేది. "అత్తా, ఇది బహుత్ మెహంగా, శానా ఖరీదు. పాడైతే నా నౌకరీ పోతాది, జాగర్త" అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది. మావాళ్లలో ఒక పద్ధతి ఉంది: ఒకరి దగ్గర తెచ్చుకున్న వస్తువును, తెచ్చినప్పటికన్నా శుభ్రంగా తిరిగివ్వాలి. అత్త మిషన్ని చూసింది, మసిగోడను చూసింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, నెత్తిన గోనెసంచి కప్పుకుని, వానలో వండింది. మిషను తమ ఇంటికొచ్చిన రోజు అలాగే చెయ్యమని ఇరుగుపొరుగుకూ చెప్పింది.

మర్నాడు వెళ్లేసరికి "ఓలే బంగారీ, సూడు! మసి సుక్క నేదు. తడిసి సచ్చేను గానీ నీ మిసన్ని పొగ ముట్టనియ్యనేదు" అంది. పెరట్లో తడి బూడిద నాకు కనబడింది. ఫారంలో చివరి ప్రశ్న: రోజూ వండే చోటే వండారా? కాదని రాస్తే మిషన్ని మళ్లీ పెట్టాలి, నేను సరిగ్గా చెప్పలేదని దీదీకి (మా పై అధికారికి) తెలిసిపోతుంది. అవునని రాశాను. తర్వాత ప్రతి పెరట్లోనూ తడి బూడిదే, ప్రతి ఫారంలోనూ అవుననే, గుండ్రటి అక్షరాలతో.

నెల తర్వాత మీటింగు పెట్టి, మా వంటిళ్లలో గాలి బాగుందని దీదీ చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. "మరి ఈ దగ్గేటి దీదీ?" అని అత్త అడిగితే "చుట్ట తాగుతారా?" అంది. "నా మొగుడే తాగడు, నానేటి తాగుతాను!" అంది అత్త. పేటంతా నవ్వింది, నేనూ నవ్వాను. పొయ్యిలు వేరే పేటకు వెళ్లాయి.

ఆ వారమే అత్తకు అంతా చెప్పేశాను. ఆమె చాలాసేపు దగ్గి, "నీ నౌకరీ ఉందిగా? మరింకేటి!" అంది. ఆ నౌకరీ నాలుగు నెలల్లో అయిపోయింది. అత్త దగ్గు పదకొండేళ్లు నడిచి, ఈ వానాకాలంలో ఆమెతోపాటు ఆగింది. ఫారం నీటుగా నింపానని మురిసిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పుడూ నవ్వొస్తుంది. అత్త ఉంటే ఆమే ముందు నవ్వేది, నన్ను వెనకేసుకొస్తూ.