కొలతకు కాస్త ఎక్కువ

పోత మేస్త్రి పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను పళ్ళు తోముకుంటున్నాను. నిద్రలోనే పోయాడట. సరేనన్నాను, నోరు పుక్కిలించాను, టీ కూడా తాగాను. అందులో చక్కెర వేయడం మర్చిపోయానని మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఏడుపు రావడం లేదు. వచ్చినప్పుడు వస్తుందిలే అని వదిలేశాను.

నరసరావుపేటలో నా వడ్రంగి షెడ్డూ ఆయన పోత షెడ్డూ పక్కపక్కనే. మధ్యలో ఒక రేకు గోడ. వరసకు ఏమీ కాకపోయినా మామా అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపుతోనే ఆయన కొడుక్కి నేను బావనయ్యాను.

తెలియనివాళ్ళ కోసం మా పని సంగతి కాస్త చెప్పాలి. ఇనుప వస్తువు ముందు చెక్కలో పుడుతుంది. మిల్లుకు పుల్లీ కావాలంటే అచ్చం అలాంటిదే నేను టేకుతో చేసి ఇస్తాను. మామ దాన్ని పెట్టెలో పెట్టి, చుట్టూ తడి ఇసుక దట్టించి, ఒక్క రేణువు రాలకుండా పైకి తీసేవాడు. ఆ ఖాళీలో కరిగిన ఇనుము పోసేవాడు. చల్లారాక ఇసుక పగలగొడితే పుల్లీ వచ్చేది. ఇందులో ఒకటే తిరకాసు. చల్లారేటప్పుడు ఇనుము కుంచించుకుపోతుంది. అందుకని చెక్కను అసలు కొలతకంటే కొంచెం పెద్దగా చేయాలి. ప్రతిసారీ లెక్కలు కట్టే బాధ లేకుండా దానికి వేరే స్కేలు ఉంటుంది. చూడ్డానికి మామూలు స్కేలే గానీ దాని మీద అంగుళం అసలు అంగుళంకంటే ఒక వెంట్రుక ఎక్కువ. నాకు ఆ స్కేలు ఇచ్చింది మామే.

“చల్లారితే ఏదైనా తగ్గుద్దిరా. ముందే కాస్త ఎక్కువ ఇయ్యి” అనేవాడు. రంజాన్‌కు మా ఇంటికి సేమ్యా పంపినా అదే లెక్క. గిన్నె మీద మూత పడేది కాదు.

పోత పోసేటప్పుడు షెడ్డులో ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. ఇంత చేసినా ఒక్కోసారి వస్తువు బొక్కలు పడి వచ్చేది. అప్పుడు మాత్రం ఎవరినీ తిట్టేవాడు కాదు. ఇనుముకు రోషం ఉండదు, మళ్ళీ కరుగుతుందని నవ్వేసేవాడు.

ఎక్కడికి పోయినా మట్టి చూడటం ఆయనకు జబ్బు. కోటప్పకొండ తిరనాళ్ళకు తీసుకెళ్తే, జనమంతా తలలెత్తి ప్రభలు చూస్తుంటే ఈయన వంగి గుప్పెడు మట్టి తీసి నొక్కేవాడు. పిడికిలి విప్పితే వేళ్ళ గుర్తులు నిలవాలి. అప్పుడే అది పోతకు పనికొస్తుంది. అచ్చంపేట దగ్గరి కృష్ణ ఇసుకను మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు. “చూడ్డానికి చానా బాగుంటది. నిలబడదు” అనేవాడు. కొందరు మనుషుల గురించి కూడా ఇదే మాట అనేవాడు.

మామావాళ్ళ మతంలో మనిషిని గుంతలో పడుకోబెట్టాక పైన మట్టి పడకుండా అడ్డంగా చెక్కలు పరుస్తారు. ఆ చెక్కలు నేనే కోస్తానని అడిగి తీసుకున్నాను. ఆయనకు చేసే ఆఖరి పని, ఇందులో మాట రాకూడదనుకున్నాను. ఖబరస్థాన్ నుంచి కొలత ఫోన్‌లో చెప్పారు. మామ చెప్పిన కొత్త పుల్లీ కోసం తెచ్చిన టేకే తీసి కోశాను. ఎవరూ చూడని అంచులకు కూడా చిత్రిక పట్టాను.

మధ్యాహ్నం నమాజు అయ్యాక మామను దించారు. గుంతలో నిలబడ్డ కొడుకు మొదటి చెక్క అందుకుని లోపలి గట్టు మీద, రెండు గోడల మధ్య ఆనించబోయాడు. పట్టలేదు. ఇంకోటి తీసుకున్నాడు. అదీ పట్టలేదు. అన్నీ కాస్త పొడుగే. అందరూ నా వైపు చూశారు. షెడ్డులో బల్ల మీద నా చేతికి అందింది ఏ స్కేలో అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. రంపం తెస్తానని గొణిగాను.

కొడుకు తలెత్తి అడిగాడు. “బావా, మన పోత స్కేలుతో కోశావా?”

తల ఊపాను.

“అయితే వాటిని కొయ్యొద్దు. మా నాయన కొలత అది. ఉండనీ.”

పార అడిగి తీసుకుని, రెండు వైపులా గోడ మట్టిని తనే కొంచెం కొంచెం చెక్కాడు. చెక్కలు బిగువుగా కూర్చున్నాయి.

తర్వాత అందరూ వరసగా మట్టి ఇచ్చారు. నా వంతు వచ్చింది. గుప్పెడు తీసుకున్నాను. వేయడానికి పిడికిలి విప్పితే అది రాలలేదు. నాకు తెలియకుండానే నొక్కేసినట్టున్నాను. అరచేతిలో ముద్దగా ఉంది, నాలుగు వేళ్ళ గుర్తులతో. వెనకవాళ్ళు ఆగారు. కొడుకు పక్కకొచ్చి చూసి, “మంచి మట్టే బావా” అన్నాడు.

దాన్ని విసరడానికి చేయి రాలేదు. మోకాళ్ళ మీద వంగి, విరగకుండా, ఆ టేకు చెక్క మీద పెట్టాను.